మోతీ అన్నా, ముత్యాలు అన్నా

కుక్కను గూర్చి కళాశాల వార్షిక సంచికలో వ్యాసమేమిటని కొందరు పాఠకులు ముక్కున వేలు వేసుకోవచ్చు. యువజనుల కర్తవ్యం, మాతృభాషలో బోధన, స్త్రీవిద్య వంటి గంభీర విషయాల నడుమ నాలుగు కాళ్ల ప్రాణికి నాలుగు పుటలు కేటాయించడం సంపాదకవర్గం వారి ఔదార్యమేనని మేమూ ఒప్పుకుంటాము. అయితే పెద్దలు మనకంటె ముందే ఈ పని చేశారు. నన్నయగారి ఆదిపర్వంలో కథ ఇంకా కుదురుకోక మునుపే, జనమేజయుని యాగం జరిగే చోటికి ఆడుకుంటూ వచ్చిన ఒక కుక్కపిల్లను రాజు తమ్ములు నిష్కారణంగా కొడతారు. దాని తల్లి సరమ వచ్చి రాజునే నిలదీస్తుంది. మహాప్రస్థానంలో ద్రౌపదీ, తమ్ములూ ఒక్కొక్కరే పడిపోగా ధర్మరాజు వెంట కడదాకా నడిచినది కుక్క; దానిని విడిచి స్వర్గానికి రానని ఆయన ఇంద్రునితోనే వాదించాడు. పవిత్ర ఖురాన్‌లోని కహఫ్ అధ్యాయంలో, గుహలో ఏళ్ల తరబడి నిద్రించిన యువకులతో పాటు, గుహ వాకిట ముందరి కాళ్లు చాచి పడుకున్న వారి కుక్క ప్రస్తావన ఉన్నది. ఉర్దూ ఇళ్లలోని పెద్దలు దానిని కిత్మీర్ అని పేరు పెట్టి మరీ తలచుకుంటారు. ఇక మన ఉర్దూ విభాగం విద్యార్థులు పత్రస్ బుఖారీ వ్రాసిన ‘కుత్తే’ వ్యాసం చదివి నవ్వుకునే ఉంటారు. వీధికుక్కల రాత్రి మొరుగుడును ముషాయిరాగా వర్ణించిన ఆ హాస్యరచయిత మన కళాశాల వసతిగృహంలో ఒక్క రాత్రి గడిపి ఉంటే రెండవ భాగం కూడా వ్రాసేవాడు.

ఈ వ్యాసానికి తక్షణ కారణం హాస్యం కాదు. 2025 నవంబరు 7న సర్వోన్నత న్యాయస్థానం విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్సు స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో తిరిగే వీధికుక్కలను పట్టి, సంతానం కలుగకుండా శస్త్రచికిత్స చేయించి, టీకా వేయించి, ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని ఆదేశించింది. పట్టిన చోటనే వాటిని తిరిగి వదలరాదని కూడా చెప్పింది. ప్రాంగణానికి కంచె, గేటు, బాధ్యుడైన ఒక అధికారి ఉండాలన్నది. ఆ వార్త వచ్చిన మరునాటి నుంచి మన అధ్యాపకుల గదిలోను, క్యాంటీను బల్లల దగ్గరను రెండు పక్షాలు ఏర్పడినాయి. ఒక పక్షం వారికి కుక్క అంటే పీడ. మునిసిపాలిటీ బండి వచ్చి ఎత్తుకుపోతే చాలు, అది ఎక్కడికి పోతుందో వారికి అక్కరలేదు. రెండవ పక్షం వారికి కుక్క అంటే జాలి. సాయంకాలం ఒక బిస్కట్టు పొట్లం విప్పి వేసి ఇంటికి పోతారు, ఆ తరువాత అది ఎవరిని కరిచినా వారికి అక్కరలేదు. ఈ రెండు పక్షాలకూ కుక్కతో కలిసి బ్రతికిన అనుభవం లేదని మా అనుమానం. మాకు ఉన్నది. అందువల్ల మా అభిప్రాయానికి ముందు మా కుక్కను గూర్చి చెప్పవలసి వస్తున్నది.

మా ఊరు హార్స్లీకొండ పాదాన, బి.కొత్తకోట వైపు ఉన్న ఒక చిన్న పల్లె. పందొమ్మిదవ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు. డి. హార్స్లీ మైదానపు ఎండలు తాళలేక, నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తున్న ఆ కొండమీద నివాసం కట్టుకున్నాడు. కొండకు ఆయన పేరు నిలిచిపోయింది. మా అవ్వకు మాత్రం అది చివరిదాకా ఏనుగుమల్లమ్మ కొండే. మల్లమ్మ అనే పసిబిడ్డను ఏనుగులు సాకినాయని, ఆమె ఆ కొండమీది వారి రోగాలకు మందిచ్చేదని, ఒకనాడు కనిపించకుండా పోయిందని మా ప్రాంతంలో చెప్పుకునే కథ. ‘జంతువులు సాకిన బిడ్డ పేరు పెట్టుకున్న కొండకింద కాపురముంటూ ఒక జంతువుకు ముద్ద పెట్టకపోతే ఎట్లారా’ అనేది అవ్వ. అంతమాత్రం చేత ఆమె కుక్కను ముద్దు చేసేదని ఎవరూ అనుకోవద్దు. కుక్క గడప దాటరాదు. దాటితే చీపురుకట్ట తిరగబడేది.

మా పక్కిల్లు గొర్రెల వ్యాపారం చేసే చాచా వారిది. వారు ఇంట్లో ఉర్దూ, సంతలో తెలుగు, బెంగుళూరు బేరగాళ్లతో కన్నడం మాట్లాడేవారు. 1970ల నడుమ ఒక చలికాలంలో వారి మందవెంట తిరిగే కుక్క ఈనింది. పిల్లలలో ఒకటి గోధుమరంగుది, రొమ్ముమీద కందిబేడంత తెల్లమచ్చ. ఆ మచ్చను చూసి చాచా దానికి మోతీ అని పేరు పెట్టినాడు. వారి ఇంట్లో కూడా కుక్కకు వాకిలి వరకే ప్రవేశం. పాత్ర నాకితే ఆ పాత్రను ఏడుమార్లు కడిగేవారు. అందువల్ల పిల్ల పాలు మరచిన వెంటనే రెండిళ్ల మధ్యనున్న మా వసారాకు వచ్చి చేరింది. అవ్వకు ‘మోతీ’ అనే పలుకు నోట పట్టలేదు. అర్థమేమని అడిగింది, ముత్యమని చెప్పినారు. ఆనాటి నుంచి ఆమె దానిని ‘ముత్యాలూ’ అని పిలిచేది. మోతీ అన్నా వచ్చేది, ముత్యాలు అన్నా వచ్చేది. ఒకటే మాటను రెండు భాషల్లో తెలిసికొన్న మొదటి ప్రాణి మా ఊళ్లో అదే కావచ్చు. మేము అప్పటికి ఉర్దూ అక్షరం ఎరుగము.

పొద్దున మా ఇంట సంగటి ముద్దను మజ్జిగలో పిసికి రాతితొట్టిలో వేసేవారు. రాత్రి చాచా ఇంట రొట్టె ముక్కలు, ఏదైనా మాంసం వండిన నాడు ఎముకలు. గంగజాతర ఏనాడో, బక్రీదు ఏనాడో దానికి మాకంటె ముందుగా తెలిసేది. ఆయా దినాల్లో ఏ వాకిట ముందు కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. మేము బడికి పోయేటప్పుడు చెరువుకట్ట చివరి వరకు వచ్చి, అక్కడ ఒక చింతచెట్టుకు కాలెత్తి మర్యాద చేసి, వెనుదిరిగేది. కట్ట అవతల వేరే ఊరి కుక్కల రాజ్యమని దానికి తెలుసు. సాయంకాలం అదే చెట్టు కింద ఉండేది. మేము నలుగురము, ముగ్గురే వస్తే అది కదిలేది కాదు. వెనుకబడిన వాడు వచ్చేదాకా మమ్మల్ని పోనీక, మా చుట్టూ తిరుగుతూ లంగా అంచులూ నిక్కరు అంచులూ నోట పట్టి లాగేది. మంద కాచిన తల్లి కడుపున పుట్టినది గదా, మమ్మల్ని కూడా గొర్రెలలో జమకట్టిందని నాయన నవ్వేవాడు.

వేరుశనగ కాయపట్టే కాలంలో దానికి ఇంటి కాపలా తప్పి చేని కాపలా పడేది. కొండ దిగి అడవిపందులు వచ్చేవి. ఒక్క రాత్రిలో అర ఎకరం పెళ్లగించి పోగల జాతి అది. నాయన మంచెమీద, మోతీ మంచెకింద. పంది వాసన తగిలితే దాని గొంతు ఒక రకం. నక్క అయితే ఒక రకం. కాయ దొంగిలించ వచ్చిన మనిషి అయితే మూడవ రకం, అన్నిటికంటె కోపమైనది. ఆ మూడింటినీ నాయన దుప్పటి లోపలి నుంచే గుర్తుపట్టేవాడు. నాలుగవది ఒకటి ఉండేది. ఆ రాత్రులలో మోతీ మొరిగేది కాదు. తోక కాళ్లసందున పెట్టుకుని, మంచె నిచ్చెన ఎక్కడానికి ప్రయత్నిస్తూ సన్నగా మూలిగేది. అప్పుడు నాయన దానిని పైకి లాక్కుని మంట పెద్దది చేసేవాడు. చిరుతపులి దిగిందని అర్థం. మా వైపు చిరుతకు కుక్కమాంసం మీద ఎక్కువ ప్రీతి. అందుకే కమ్మరి చేత ముళ్లపట్టా చేయించి మెడకు వేశారు. గొంతు పట్టబోయిన నోటికి ఇనుపమేకులు తగలాలని. ఆ పట్టా బరువుకు మొదట్లో తల వాల్చి నడిచేది. తరువాత పట్టా తీస్తే అలిగేది.

మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో బాణులు, వైదుంబులు ఏలిన కాలపు వీరగల్లులు చేలగట్ల మీద, ఊరి వెలుపల నిలిచి ఉన్నాయి. పశువులను కాపాడుతూ చచ్చిన వారికి, ఊరికోసం పోరి పడిన వారికి ఎత్తిన రాళ్లు అవి. మనుషులకే గాని కుక్కకు అటువంటి రాయి ఉంటుందా అని విద్యార్థులు అడగవచ్చు. ఉన్నది. కన్నడ దేశంలోని మండ్య జిల్లా ఆతకూరులో 949-50 నాటి శాసనం దొరికింది. గంగరాజు బూతుగుడు మణలేరుడనే వీరునికి కాళి అనే వేటకుక్కను బహూకరించగా, అది ఒక పెద్ద అడవిపందితో పోరాడి, పందీ తానూ ఒకేచోట చచ్చినాయి. దానికి రాయి నిలిపి, కుక్కా పందీ పెనుగులాడే బొమ్మ చెక్కించారు. రాజుల బంటులు వేయేళ్ల నాడే కుక్కకు ఇంత మర్యాద చేశారంటే, అది కేవలం జాలి వల్ల కాదు. ఆ కుక్క ఫలానా వారిదని, దాని పని ఫలానాదని అందరికీ తెలుసు.

మోతీ అడవిపంది చేత చావలేదు. చిరుత నోటా పడలేదు. దానికి ఐదారేళ్లు వచ్చిన తరువాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఏ ఊరిదో తెలియని ఒక కుక్క నోటి వెంట చొంగ కార్చుకుంటూ, తల వాల్చుకుని, మా సందులో నేరుగా పడి వచ్చింది. వీధిలో గోలీలాడుతున్న పిల్లల్లో చాచా చిన్నకొడుకు దానికి మొదట ఎదురైనాడు. పిక్క పట్టుకున్నది. మోతీ వసారా మీది నుంచి దూకి దాని మెడ పట్టుకుని పిల్లవాని నుంచి విడదీసింది. పెద్దలు కట్టెలతో వచ్చి ఆ కుక్కను చంపేలోగా మోతీకి చెవిమీద, ముట్టెమీద గాట్లు పడినాయి. ముళ్లపట్టా మెడను కాపాడింది గాని ముఖాన్ని ఏం కాపాడుతుంది?

ఊళ్లో తలా ఒక వైద్యం చెప్పినారు. కారం పెట్టి కట్టమన్నవారు, సున్నం పూయమన్నవారు, తాయెత్తు కట్టించమన్నవారు ఉన్నారు. మదనపల్లెలో చదువుకున్న మా మేనమామ ఆ పూట మా ఇంట ఉండడం అదృష్టం. ఆయన ఎవరి మాటా వినక, బావిదగ్గర సబ్బుతో ఆ పిక్కను చాలాసేపు కడిగించి, దొరికిన బస్సులో పిల్లవాని పట్నపు ఆసుపత్రికి తీసికొనిపోయినాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఒకరోజు చాచా, ఒకరోజు మా నాయన, పద్నాలుగు రోజులు బస్సులో ఆ బిడ్డను తిప్పినారు. నాటి టీకా గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. దక్షిణ దేశంలో ఇటువంటి పనికి 1907లో నీలగిరులలోని కూనూరులో స్థాపించిన పాశ్చర్ సంస్థ పేరుపడినది. గొర్రెలమ్ముకుని బ్రతికే ఇంటి బిడ్డను గొర్రెయే బ్రతికించిందని చాచా తరువాత చెప్పుకునేవాడు. ఆ బిడ్డ ఈనాడు తాత అయినాడు.

మోతీ మాట వేరు. కాటుపడిన కుక్కకు చేయదగినదేమీ లేదని, గొలుసు వేసి దూరంగా కట్టి చూడమని పశువైద్యం తెలిసినవారు చెప్పినారు. అప్పట్లో మా ఊళ్లో కుక్కకు ముందుగానే టీకా వేయించవచ్చునన్న సంగతి తెలిసినవారు ఒక్కరు లేరు; పశువుల ఆసుపత్రి అంటే గాలికుంటు, గొంతువాపు, అంతే. పాత కొట్టంలో రాటకు కట్టినారు. పిల్లలు దగ్గరకు పోరాదు. అవ్వ పొడుగాటి వెదురుకు చిప్ప కట్టి, ఆ చిప్పలో సంగటి, నీళ్లు దూరం నుంచే అందించేది. నెలరోజులు బాగానే ఉన్నది. మమ్మల్ని చూచి తోకాడించేది. ఎందుకు విప్పరని అడిగినట్లు గొలుసును పళ్లతో పట్టి చూపేది. ఆ తరువాత ఒకనాడు గొంతు మారింది. మేము ఎరిగిన నాలుగు గొంతులలో అది లేదు. చిప్పలోని నీళ్ల వైపు చూచి వణికింది. మోతీ అంటే రాలేదు. ముత్యాలు అంటే రాలేదు. ఆ సాయంకాలం నాయనా చాచా మమ్మల్ని మేనమామ వెంట మరో ఊరికి పంపివేసినారు. మేము తిరిగి వచ్చేసరికి కొట్టం నేల తవ్వి సున్నం చల్లి ఉన్నది. గడప దాటనీయని అవ్వ రెండు పూటలు అన్నం ముట్టలేదు.

ఈ కథ కంటనీరు పెట్టించడానికి చెప్పలేదు. ఈ కథలో ఒక సూది తక్కువైనది. ఆ ఒక్క సూది ఈనాడు దొరుకుతున్నది. 1885 జూలై 6న పాశ్చర్ మహాశయుడు జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలునికి తొలిసారి రేబిస్ టీకా వేయించాడు. ఆ తేదీ జ్ఞాపకార్థమే ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రులలో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేయడం ఆనవాయితీ అయినది. బొడ్డు చుట్టూ పొడిచే పాత టీకా వాడుక మన దేశంలో 2005 నాటికి ముగిసింది. ఇప్పుడు కాటుపడిన వారికి చేతి చర్మంలో, మొదటి రోజుతో మొదలుపెట్టి మూడవ, ఏడవ, ఇరవై ఎనిమిదవ రోజులలో సూది వేస్తారు. గాయం లోతైతే గాయంలోనే మరొక మందు కూడా ఎక్కిస్తారు. వీటన్నిటికంటె ముందు పదిహేను నిమిషాల సేపు సబ్బుతో, పారే నీటితో కడగడం మన చేతిలోని పని. రోగ లక్షణాలు బయటపడిన తరువాత మాత్రం మనిషికైనా కుక్కకైనా దాదాపు తిరుగులేదు. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయే మనుషులలో నూటికి తొంభై తొమ్మిది మందికి ఆ రోగం కుక్కకాటు వల్లనే వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి డెబ్బయింటికి టీకా పడితే రోగం గొలుసు తెగిపోతుందని కూడా అదే సంస్థ చెబుతున్నది. టీకా అంటే మా ప్రాంతం వారికి కొత్త కాదు. 1915 నుంచి క్షయరోగులను ఆదుకున్న ఆరోగ్యవరం మదనపల్లె పక్కనే ఉన్నది; 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైన తావుల్లో మదనపల్లె ఒకటి. మనిషి బిడ్డలకు దేశంలోనే ముందుగా సూది వేయించిన గడ్డ, తన వాకిటి కుక్కకు వేయించలేదా?

ఇక్కడ ఒక మాటను గూర్చి మా ఆలోచన చెప్పాలి. ఈనాడు ‘ఊరకుక్క’ అంటే తిట్టు. ఎవరూ లేనిది, ఎంగిలాకుల వెంట తిరిగేది అని అర్థం చేసికొంటున్నాము. కాని ఊరపిచ్చుక, ఊరపంది, ఊరచెరువు అన్న మాటలలో ‘ఊర’ అంటే ఊరికి చెందినది అనే గదా. ఊరకుక్క అంటే ఊరికి చెందిన కుక్క. మా మోతీ అటువంటిది. పేరుకు మాది, పుట్టుకకు చాచాది, కాపలాకు సందులోని పదిళ్లది. అది ఎవరినైనా కరిస్తే ఏ ఇంటి ముందుకు వచ్చి అడగాలో అందరికీ తెలుసు. దానికి ఆకలైతే ఏ వాకిట నిలబడాలో దానికి తెలుసు. ‘వీధికుక్క’ అన్న మాట తరువాత వచ్చింది. వీధికి వాకిలి లేదు, ముద్ద పెట్టే అవ్వ లేదు, పద్నాలుగు రోజులు బస్సెక్కే నాయన లేడు.

ఈ మార్పు కుక్క తెచ్చిపెట్టినది కాదు. అరుగులు పోయి ప్రహరీలు వచ్చినాయి. రాతితొట్టిలో పడే సంగటి ముద్ద పోయి, పట్టణాలలో కోళ్ల దుకాణాల వెనుక పేగులు, పెళ్లిమందిరాల వెనుక విస్తళ్లు, కుప్పతొట్టిలో ప్లాస్టిక్ సంచులు మిగిలినాయి. మదనపల్లెలోనూ అంతే, పుంగనూరులోనూ అంతే, కుప్పంలోనూ అంతే. కుప్ప ఎంత పెద్దదో మంద అంత పెద్దది. ఒక మందను చంపి కుప్పను అట్లాగే వదిలితే పక్కవీధి మంద వచ్చి చేరుతుంది. మద్రాసు నగరం ఏళ్ల తరబడి కుక్కలను చంపి చూచింది, తరగలేదు. ఆ ఊరి బ్లూ క్రాస్ సంస్థ 1960లలోనే చంపడానికి బదులు సంతాన నిరోధక శస్త్రచికిత్స మార్గం చూపింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2001లో వచ్చిన నిబంధనలు, వాటి స్థానంలో 2023లో వచ్చిన నిబంధనలు ఆ మార్గాన్నే శాసనం చేసినాయి. శాసనమున్నది, శస్త్రచికిత్స చేయవలసిన తావులూ చేతులూ చాలినన్ని లేవు. న్యాయస్థానం ఇంత కఠినంగా చెప్పవలసి వచ్చిందంటే ఆ లోటు వల్లనేనని మా అభిప్రాయం.

ఇంకొక సంగతి. కలిగినవారు కుక్కను కొంటున్నారు. మదనపల్లె చల్లని ఊరని పేరు. ఆ చల్లదనాన్ని నమ్మి, మంచుదేశాల బొచ్చుకుక్కలను వేలు పోసి తెచ్చి, ఎండాకాలంలో వాటి ఒగర్పు చూడలేక, చర్మవ్యాధి రాగానే హార్స్లీకొండ దారిలో దింపి పోయేవారు ఉన్నారు. చిరుతలు తిరిగే ఆ కొండదారిలో ఆ బొచ్చుకుక్క ఎన్ని రాత్రులు బ్రతుకుతుందో వారు ఆలోచించరు. తపాలా శాఖ 2005లో మన దేశపు కుక్కజాతులు నాలుగింటికి బిళ్లలు వేసింది: హిమాలయపు గొర్రెలకాపరి కుక్క, రాంపూరు, ముధోల్, రాజపాలయం. మంచిదే. మా మోతీ జాతికి బిళ్ల లేదు, పేరూ లేదు. సంగటితో బ్రతుకుతుంది, ఎండకు ఓర్చుకుంటుంది, నాలుగు గొంతులతో మాట్లాడుతుంది, ధర లేదు. ధర లేనందువల్లనే దానికి విలువ లేదని జనం అనుకుంటున్నారు.

ఇప్పుడు మన ప్రాంగణం సంగతి. కళాశాల ఆవరణలో కుక్కలు మందగా తిరగడం మేము సమర్థించము. ఉదయం చీకటిలో వసతిగృహం నుంచి స్నానాల గదులకు పోయే పిల్లలు, బురఖాలో, చీరలో పరుగెత్తలేని మన విద్యార్థినులు, సాయంకాలపు తరగతులకు సైకిలుమీద వచ్చేవారు భయపడుతున్నారు; ఆ భయం నిజమైనది. న్యాయస్థానం మాటను పాలకవర్గం పాటించి తీరవలసినదే. పడమటి గోడలో ఏళ్లుగా ఉన్న గండిని పూడ్చడానికి ఇదొక మంచి సాకు కూడా. క్యాంటీను వెనుక ఎంగిలి పారబోసే గుంటకు మూత లేనంత కాలం ఎన్ని గేట్లు పెట్టినా ప్రయోజనం లేదని కూడా కమిటీ పెద్దలు గమనించాలి. అయితే ఈ పని చేసే తీరు ఒకటి ఉన్నది. అర్ధరాత్రి ఎవరో విషం కలిపిన అన్నం పెట్టడం, పిల్లలున్న తల్లిని గోనెలో కట్టి ఊరి బయట పారవేయడం చట్టరీత్యా నేరం. అది మన వంటి విద్యాసంస్థకు తలవంపు కూడా. పట్టేవారు వచ్చినప్పుడు బాధ్యుడైన అధ్యాపకుడు అక్కడ ఉండాలి. ఏ కేంద్రానికి పోతున్నాయో వ్రాసికోవాలి. నెల తిరిగిన తరువాత పోయి చూచి రావాలి. జాతీయ సేవా పథకం విద్యార్థులకు చెట్లు నాటడం ఒక్కటే సేవ కాదు గదా.

బిస్కట్టు పక్షం వారికి మా మనవి వేరు. పెట్టిన చేయి ఆ కుక్కను ఆసుపత్రికి కూడా తీసికొనిపోవాలి. అది కుదరనప్పుడు ఆ బిస్కట్టు వల్ల మంద పెరుగుతుంది గాని ఆ కుక్కకు ఒక వాకిలి దొరకదు. కళాశాలకు వచ్చే విద్యార్థులలో సగానికి పైగా పల్లెల వారు. కురబలకోట వైపు, తంబళ్లపల్లె వైపు, పుంగనూరు దారిలో చేను ఉన్నవారు, కుప్పం దిక్కున ఏనుగుల భయంతో రాత్రి కాపలా కాసేవారు ఉన్నారు. వారి ఇళ్లకు కుక్క అవసరం. పెద్ద కుక్కలు కొత్తచోట కుదురుకోవడం కష్టం. రెండు మూడు నెలల పిల్లలు సులభంగా కుదురుకుంటాయి. పిల్లను తీసికొనిపోయేవారు ఆధార్ కార్డు చూపనక్కరలేదు. ఇంట్లో పెద్దల సమ్మతి, మూడవ నెలలో ఒక సూది, ఆ పైన ఏటేటా ఒక సూది, ఆరు నెలలకు శస్త్రచికిత్స, ఇంతే షరతులు. ఉర్దూ ఇళ్లలో అభ్యంతరముంటుందని కొందరు మాతో అన్నారు. చేనికి, మందకు, వేటకు కుక్కను ఉంచుకోవడంలో అభ్యంతరం లేదని మన ప్రాంతపు మౌల్వీలు చెప్పగా మేమే విన్నాము. గడప లోపలికి రానీయకపోవడం మా అవ్వ కూడా చేసిన పనే. ఆమెది వేరే శాస్త్రం, చీపురుకట్ట ఒకటే.

ఈ వ్యాసం అచ్చుకు పోయేనాటికి క్యాంటీను వెనుక కట్టెల కుప్పలో నాలుగు పిల్లలున్నాయి. తల్లిని మార్చి నెలలో పట్టి తీసికొనిపోతారని విన్నాము. రెండు పిల్లలను రెండవ సంవత్సరం విద్యార్థులు ఇద్దరు తమ చేలకు తీసికొనిపోవడానికి ఒప్పుకున్నారు. మిగిలినవి రెండు: ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగుది. గోధుమరంగు దానికి రొమ్ముమీద మచ్చ ఏమీ లేదు; దాని పేరు తీసికొనిపోయే వారి ఇష్టం. కావలసినవారు తెలుగు విభాగంలో గాని ఉర్దూ విభాగంలో గాని చెప్పవచ్చు.